రాతి మీద పేరు – చేతిలో భూమి

ఏడో తరగతికి కాకతీయుల పాఠం చెబుతున్నాను. గణపతిదేవుడు, రుద్రమదేవి, చెరువులు, గుళ్లు, దానధర్మాలు – బోర్డు నిండా రాశాను. వెనక బెంచీలోంచి మా పల్లె పిలగాడొకడు లేచి నిలబడ్డాడు.

"సార్, అప్పుడు మనోళ్లు ఏం చేసేవోళ్లు?"

క్లాసంతా గొల్లుమని నవ్వింది. "మనోళ్లు" అనే మాట వాడికీ నాకూ మధ్యనే చెల్లుతుంది. మిగతా పిల్లలకి అది నవ్వులాట. నేను మాత్రం ఏం చేశాను? "ఉండేవాళ్లు లేరా, కూర్చో" అన్నాను.

ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. మా వంశంలో మొదటి డిగ్రీ నాది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా నాన్నని ఆసామి ఎప్పుడూ "కూర్చో" అనలేదు. వాకిట్లో నిలబెట్టే మాట్లాడాడు. నేను నా పిలగాణ్ణి కూర్చోమని చెప్పి నోరు మూయించాను. నిలబెట్టినా, కూర్చోబెట్టినా నోరు మూయించడం మూయించడమే.

అందుకని ఆ పాఠం ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే పోదామనుకున్నాను. ఒక ఆదివారం ఇంకో మాస్టారిని వెంటబెట్టుకుని మల్కాపురం వెళ్లాను. గుంటూరు జిల్లా తుళ్లూరు మండలం. మందడం, వెలగపూడి పక్కనే ఉంటుంది. అక్కడ ఎత్తయిన రాతి స్తంభం ఉంది. 1261లో, రుద్రమదేవి కాలంలో వేయించిన శాసనం. ఎక్కువ భాగం సంస్కృతం. జయంతి రామయ్య పంతులు గారు చదివి అచ్చు వేశారు. జనం మాట్లాడే తెలుగు బడి పుస్తకాల్లో వద్దని పోరాడిన పంతులు గారే ఈయన. ఆ పుణ్యం అట్లా ఉంచి, రాయి చదివిపెట్టినందుకు మాత్రం మనం ఆయనకి రుణపడే ఉన్నాం.

ఏముంది ఆ రాతి మీద? అదొక మఠం కథ. గోళకీ మఠం అని శైవ మఠం. మూలం ఎక్కడో నర్మద అవతల డాహల దేశం. అక్కడి కలచురి రాజు యువరాజదేవుడు మఠం గురువుకి మూడు లక్షల ఊళ్లు భిక్షగా ఇచ్చాడని ఈ శాసనం చెప్పుకుంటుంది. మూడు లక్షల ఊళ్లు! భిక్ష! మనం అడుక్కుంటే గుప్పెడు గింజలు, వాళ్లు అడుక్కుంటే దేశం. ఆ మఠం పరంపరలోని వాడే విశ్వేశ్వర శివాచార్యులు. గౌడదేశం మనిషి, గణపతిదేవుడికి గురువు. గురువుగారికి గణపతిదేవుడు మందడం ఊరిని, ఆయన కూతురు రుద్రమదేవి వెలగపూడిని దానం చేశారు. కృష్ణలోని లంక భూములు కూడా కలిపి.

గురువుగారు ఆ భూమిని ఏం చేశారో రాయి వివరంగా లెక్క చెబుతుంది. గుడి కట్టించారు, మఠం పెట్టారు. అరవై ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలను తెచ్చి భూములిచ్చి అగ్రహారం నిలబెట్టారు. మిగిలిన దాన్ని మూడు వాటాలు వేశారు. ఒకటి శివుడికి. ఒకటి చదువుకునే విద్యార్థులకి, మఠానికి. మూడోది ప్రసూతిశాలకి, ఆరోగ్యశాలకి, అన్నసత్రానికి. వేదాలు చెప్పేవాళ్లు ముగ్గురు, తర్కం సాహిత్యం ఆగమం లాంటివి చెప్పేవాళ్లు అయిదుగురు. ఒక వైద్యుడు, ఒక లెక్కలు రాసేవాడు. గుడిలో పదిమంది ఆడేవాళ్లు, ఎనిమిది మంది మద్దెల వాయించేవాళ్లు, ఇంకా పాడేవాళ్లు. ఊరి కాపలాకి చోళదేశం నుంచి తెచ్చిన వీరభద్రులు. ఆ తర్వాత పనివాళ్లు – కంసాలి, కంచరి, కాసెపనివాడు, మేదరి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి...

ఏడున్నర శతాబ్దాల కిందట ఒక పల్లెటూళ్లో పురిటి ఆసుపత్రి! నేనూ ఒప్పుకుంటాను, గొప్ప సంగతే. ఇవాళ్టికీ మన పేటలకి పురిటి ఆసుపత్రి దూరమే. అందుకే పుస్తకాలన్నీ ఈ రాయిని నెత్తిన పెట్టుకుంటాయి.

కానీ మిత్రులారా, ఆ జాబితా ఇంకొక్కసారి చదవండి. ఈసారి మన పిలగాడి ప్రశ్న పెట్టుకుని చదవండి.

వేదం చెప్పేవాడికి వాటా ఉంది. వాడు తినే బియ్యం పండించినవాడికి లేదు. మద్దెల వాయించే ఎనిమిది మందికి వాటా ఉంది. ఆ మద్దెలకు తోలు బిగించినవాడికి లేదు. ప్రసూతిశాల ఉంది. బిడ్డ పుట్టాక మైల బట్ట ఉతికింది ఎవరో, మాయ పూడ్చింది ఎవరో లేదు. కంసాలి, కమ్మరి, కుమ్మరి అందరూ వచ్చారు, తోలుపనివాడు రాలేదు. మరి తోలు లేకుండా ఏ వ్యవసాయం నడిచింది? ఎద్దు మెడకి పట్టెడ, చేతికి కొరడా, కాలికి చెప్పు ఎక్కడినుంచి వచ్చాయి? మా తాత మోట బొక్కెనలు కుట్టేవాడు. ఆయన కుట్టిన తోలు నుంచి నీళ్లు తాగని చేను మా ఊళ్లో లేదని మా నాయనమ్మ చెప్పేది. ఆయన పేరు మీద మాత్రం సెంటు భూమి లేదు. రెండు ఊళ్ల భూమిని చేతులు దున్నకుండా మంత్రాలు దున్నవు కదా! భూమిని లెక్కపెట్టారు, వాటాలు లెక్కపెట్టారు, చేతుల్ని లెక్కపెట్టలేదు.

"అయ్యా, నువ్వు అన్యాయంగా మాట్లాడుతున్నావు. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టమని ఆ రాతి మీదే ఉందిగా" అని ఒక సీనియర్ మాస్టారు నాతో వాదించారు. నిజమే, ఉంది. ఆ మాటని చూపించి కాకతీయుల కాలంలో సమానత్వం వెల్లివిరిసిందని రాసినవాళ్లూ ఉన్నారు. నేనడిగేది ఒక్కటే. మనవాడు ఆ రాతి మీద ఏ రూపంలో కనపడ్డాడు? ఆకలిగా కనపడ్డాడు. తెరిచిన నోరుగా కనపడ్డాడు. పనిచేసే చేతిగా కనపడలేదు. పండించినవాడు సత్రం గుమ్మం ముందు అడుక్కునేవాడుగా రాతికెక్కాడు, తిన్నవాళ్లు దాతలుగా ఎక్కారు. ఏ పంక్తిలో కూర్చోబెట్టారో, ఏ ఆకులో పెట్టారో, ఎవరి తర్వాత పెట్టారో రాయి చెప్పదు. "బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా" అన్న మాటలోనే నిచ్చెన ఉంది. పై మెట్టూ తెలుసు, కింది మెట్టూ తెలుసు. అన్నం పెట్టారు, నిచ్చెన తియ్యలేదు.

ఇది ఒక్క మల్కాపురం సంగతే కాదు. ఇంకో రెండున్నర శతాబ్దాలు వెనక్కి, తమిళదేశం పోదాం. తంజావూరు పెద్దగుడి. రాజరాజ చోళుడు దాదాపు 1014 నాటికి ఆ గుడి గోడల మీద గుడికిచ్చిన ఊళ్ల లెక్కలు చెక్కించాడు. ఊరికి ఎంత భూమి, అందులో పన్ను రాని భూమి ఎంత అని. పన్ను రాని భూమి కింద ఏమేం రాశారంటే – ఊరి ఇళ్ల స్థలాలు, చెరువులు, కాలవలు, కమ్మాణచ్చేరి అంటే కంసాలి, కమ్మరి వాళ్ల పేట, పరైచ్చేరి అంటే పరయల పేట, పరయలకి విడిగా శ్మశానం. కొన్ని ఊళ్ల కింద "తీండాచ్చేరి" అని కూడా ఉంది. తీండా అంటే అంటకూడని. అంటరాని వాడ! వెయ్యేళ్ల కింద గుడిగోడ మీద, దేవుడి సాక్షిగా, రెవెన్యూ లెక్కలో. అంటరానితనం ఇంగ్లీషువాళ్లు తెచ్చిపెట్టిందని, జనాభా లెక్కల్లో పుట్టిందని కొంతమంది పెద్దమనుషులు ఈమధ్య మాట్లాడుతున్నారు. వాళ్లని ఆ గోడ దగ్గరికి తీసుకుపోవాలి.

అక్కడ కూడా చూడండి, మనిషి లేడు. పేట ఉంది, శ్మశానం ఉంది. మనం బతికిన చోటు ఉంది, కాలిన చోటు ఉంది, మధ్యలో మనిషి పేరు లేదు. ఎందుకు రాశారు ఆ మాత్రమైనా? అక్కడ పన్ను రాదు గనక. గుడి లెక్కలో మనం తీసివేత.

మరి అప్పటి కాలంలో దున్నేవాడి పేరు రాసే అలవాటు ఎక్కడా లేదా? ఉంది. ఫ్రాన్సు దేశంలో పారిస్ పక్కన సెయింట్ జెర్మెయిన్ అని క్రైస్తవ మఠం. తొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇర్మినాన్ అనే మఠాధిపతి తన భూముల చిట్టా రాయించాడు. అందులో బోడో అనే రైతు ఉన్నాడు, వాడి భార్య ఎర్మెంట్రూడ్ ఉంది, ముగ్గురు పిల్లలున్నారు. వాడు ఎంత దున్నాలి, వారానికి ఎన్నాళ్లు మఠం పనికి రావాలి, ఎన్ని కోళ్లు, ఎన్ని గుడ్లు ఇవ్వాలి – మూడు కోళ్లు, పదిహేను గుడ్లు – అంతా ఉంది. ఐలీన్ పవర్ అనే ఇంగ్లీషు చరిత్రకారిణి ఆ చిట్టా పట్టుకుని 1924లో వచ్చిన తన పుస్తకంలో బోడో ఒక రోజు ఎట్లా గడిపి ఉంటాడో రాసింది. రాజు గురించి కాదు, బోడో గురించి మొదటి అధ్యాయం!

ప్రేమతో రాయించారనుకోకండి. అదీ వెట్టే. పిండుకోవడానికే పేరు రాసుకున్నారు. కానీ పిండుకోవడానికైనా పేరు కావలసి వచ్చింది. ఇక్కడ అది కూడా అక్కర్లేకపోయింది. ఎందుకంటే ఇక్కడ చిట్టా వేరే ఉంది. కులమే చిట్టా. ఫలానా పేటలో పుట్టాడంటే ఫలానా పని చేస్తాడు, వాడి కొడుకూ చేస్తాడు, మనవడూ చేస్తాడు. పుట్టుకే సంతకం. అందుకే ఇక్కడి మఠానికి మన పేరు రాసుకునే కష్టం కూడా లేకపోయింది. ఇది నా అభిప్రాయం. కాదనేవాళ్లు వాదించవచ్చు.

వాదించేవాళ్లు లేకపోలేదు. సింథియా టాల్బట్ అనే అమెరికన్ చరిత్రకారిణి కాకతీయుల కాలం శాసనాలన్నీ గుట్టగా పోసి చదివింది. 2001లో పుస్తకం వచ్చింది. మంచి పుస్తకం, మన కుర్రాళ్లు చదవాలి. శాసనాల్లో దాతలు తమని తాము కులం పేరుతో చెప్పుకున్నది తక్కువ, నాయకుడు, రెడ్డి, సెట్టి, బోయ అని హోదాతో, బిరుదుతో చెప్పుకున్నదే ఎక్కువ, పశువులు కాసేవాళ్లు, ఆడవాళ్లు కూడా దానాలిచ్చారు, కాబట్టి కులం మనమనుకున్నంత బిగుసుకుపోయి లేదు అంటుంది. కాకతీయులే నాలుగో వర్ణం వాళ్లమని చెప్పుకున్న శాసనాలున్నాయి. శూద్రుడు రాజైతే "పాదాల్లోంచి పుట్టాం, గంగ పుట్టిందీ అక్కడినుంచేగా" అని గర్వంగా చెప్పుకున్నాడు.

బాగుంది. పైనున్నవాళ్ల మధ్య మెట్లు కదిలాయి. కాదనను. కానీ దానశాసనం ఎవడు వేయించుకుంటాడమ్మా? ఇవ్వడానికి ఏదో ఒకటి ఉన్నవాడు. ఒక ఆవో, ఒక గొర్రెల మందో, గుళ్లో దీపానికి నెయ్యో. ఏమీ లేనివాడు ఏ రాతి మీద ఎక్కుతాడు? ఆ పరిమితి ఆమెకూ తెలుసు. దానశాసనం అంటే మా బడి గోడ మీది దాతల బోర్డు లాంటిది. ఫ్యాను ఇచ్చినవాడి పేరు ఉంటుంది, బీరువా ఇచ్చినవాడి పేరు ఉంటుంది. నేను చదువుకున్న బళ్లో కొత్త గదులు కట్టినప్పుడు మా అమ్మ ఇటికలు మోసింది. శంకుస్థాపన ఫలకం మీద ఎమ్మెల్యే పేరు, సర్పంచి పేరు, స్థలమిచ్చిన ఆసామి పేరు ఉన్నాయి. ఆ ఫలకం ఒక్కటే దొరికిన ఏ చరిత్రకారుడైనా, ఆ ఊళ్లో ఉదారులైన ఆసాములు ఉండేవారని రాస్తాడు. మా అమ్మ అనేది ఒకామె ఉందని వాడికెట్లా తెలుస్తుంది?

ఇక్కడిదాకా వచ్చి "చూశారా, మన పేరు చరిత్రలో ఎప్పుడూ లేదు" అని ఏడ్చి ఆగిపోయేవాణ్ణి. కానీ మల్కాపురం నుంచి కృష్ణ ఒడ్డునే పైకి పోతే అమరావతి ఉంది. పాత ధాన్యకటకం. అక్కడి బౌద్ధ స్తూపం రాళ్ల మీద కూడా దాతల పేర్లున్నాయి. మల్కాపురం రాయి కంటే వెయ్యేళ్లకి పైగా పాతవి. అందులో ఒక రాయి నన్ను నిలబెట్టేసింది. విధికుడు అనే చమ్మకారుడు, అంటే చర్మకారుడు, తోలుపనివాడు, పూర్ణఘటం చెక్కిన పలక దానమిచ్చాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి ఇచ్చాడు. ఇంకా ఒక మాట ఉంది. విధికుడి తండ్రి పేరు నాగుడు. ఆయన ఉపాధ్యాయుడు!

మిత్రులారా, ఈ మాట చదివి నాకు కన్నీళ్లు వచ్చాయంటే నవ్వకండి. తోలు కుట్టినవాడి మనవడు పంతులైతే ఊరంతా వింతగా చూసింది. రిజర్వేషన్ పంతులు అంది. మరి ఆనాడు పంతులు కొడుకు తోలుపని చేశాడు, తోలుపని చేస్తూ తన పేరూ తండ్రి పేరూ రాతి మీద చెక్కించుకున్నాడు. ఎవరూ వింతగా చూసినట్టు లేదు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటాన్ని రాష్ట్ర చిహ్నం నడుమ పెట్టుకుంది. ప్రతి ప్రభుత్వ కాగితం మీదా ఆ కుండ ఉంది. అటువంటి కుండనే చెక్కించి ఇచ్చిన తోలుపనివాడి పేరు ఎంతమంది ఆఫీసర్లకు తెలుసు?

తొందరపడి ఆనాటి చమ్మకారుడే ఈనాటి మాదిగ అని నేననను. మధ్యలో వెయ్యేళ్లు, రెండు వేల ఏళ్లు ఉన్నాయి. బౌద్ధ ఆరామం సమానత్వపు స్వర్గమనీ అనను. విధికుడి పేరు ఎక్కింది కూడా ఇచ్చాడు గనకనే. కానీ సరిగ్గా అక్కడే ఉంది అసలు సంగతి. తోలుపనివాడి దగ్గర ఇవ్వడానికి ఉంది! పలక చెక్కించగలిగిన సొమ్ముంది, చదువుకున్న తండ్రి ఉన్నాడు, పేరు చెప్పుకునే ధైర్యముంది. అదే కృష్ణ ఒడ్డున, 1261 నాటికి, పనివాళ్ల జాబితాలోనే తోలుపనివాడు లేడు. సత్రం గుమ్మంలో చండాలుడు మాత్రం ఉన్నాడు.

కాబట్టి రాతి మీద పేరు పోయిందంటే అర్థమేమిటి? చేతిలో ఉన్నది పోయిందని అర్థం. మన పేరు లేకపోవడం కూడా ఒక శాసనమే. అది మనల్ని మరిచిపోయారని చెప్పడం లేదు, మన దగ్గర ఇవ్వడానికేమీ మిగల్చలేదని చెబుతోంది. అందుకని రాయిని "నా పేరేదీ?" అని అడిగితే చాలదు. "నా భూమేదీ?" అని అడగాలి.

ఇది పాత రాళ్ల గొడవ అనుకుంటున్నారా? గణపతిదేవుడు, రుద్రమదేవి దానమిచ్చిన అవే మందడం, వెలగపూడి ఇవాళ రాజధాని ఊళ్లు. వెలగపూడిలోనే సచివాలయం ఉంది. 2015లో ల్యాండ్ పూలింగ్ పేరుతో ఈ చుట్టుపట్ల 33 వేల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. భూమిచ్చిన పట్టాదారుకి ప్లాట్లు, కౌలు. మన వాళ్ల చేతుల్లో ఉన్న అసైన్డు భూములకి మొదట కట్టిన వాటా పట్టా భూమి కంటే తక్కువ. ఏ భూమీ లేకుండా ఆ పొలాల్లో కూలి చేసుకుని బతికిన కుటుంబానికి మొదట కట్టిన ధర నెలకి 2,500 రూపాయల పింఛను. ఆనాడు సత్రం, ఈనాడు పింఛను. ఇచ్చినవాళ్లు "భూదాతలు", మనం మళ్లీ తెరిచిన నోరు. రాయి మారింది గానీ రాత మారలేదు.

అయితే ఏం చేద్దాం? శాసనాలు బ్రాహ్మణులవి, మనకెందుకని వదిలెయ్యొద్దు. అది వాళ్లకే లాభం. మఠం రాసుకున్న లెక్క మఠానికి వ్యతిరేకంగా కూడా సాక్ష్యం చెబుతుంది, అడిగేవాడుంటే. మీ ఊరి గుడి దగ్గర, చెరువు గట్టు మీద రాయి ఉంటే చూడండి. చాలావాటిని చదివి అచ్చు వేశారు, లైబ్రరీలో అడగండి. నాలుగు ప్రశ్నలు పెట్టుకోండి. ఎవరిచ్చారు? ఎవరు పుచ్చుకున్నారు? హద్దులు ఎక్కడ, ఆ హద్దుల్లో మన పేట ఎక్కడ? పనులన్నీ లెక్కపెట్టి, చేసినవాడి పేరు లేని పని ఏది? ఆ నాలుగో దగ్గర ఖాళీ కనపడుతుంది. ఆ ఖాళీ మన కొలతకి సరిపోతుంది.

ఆ ఖాళీని నింపే కాగితాలు మన దగ్గర ఉన్నాయి. డక్కలి వాళ్లు పటం విప్పి మాదిగ పేటల్లో చెప్పే జాంబపురాణం ఉంది. పల్నాటి వీరుల కథలో మాల కన్నమదాసు ఉన్నాడు, అన్ని కులాలూ ఒకచోట తిన్న చాపకూడు ఉంది. మల్కాపురం సత్రంలో పెట్టించుకున్న కూడు వేరు, చాపకూడులో కలిసి తిన్న కూడు వేరు. జనం పాట ఆ తేడా మర్చిపోలేదు. మన ముసలమ్మలు పొలాలకి పెట్టుకున్న పేర్లు, దిబ్బల పేర్లు, బావుల పేర్లు రాసుకోండి. వాళ్లు పోతే అవీ పోతాయి. రాయినీ పాటనీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే ఆ కాలం మనుషులు పూర్తిగా కనపడతారు.

మొన్న మళ్లీ ఆ ఏడో తరగతికి పోయాను. బోర్డు మీద మల్కాపురం వాటాలన్నీ రాశాను, గురువు దగ్గరనుంచి మంగలి దాకా. పక్కన విధికుడి పేరు, వాళ్ల నాన్న ఉపాధ్యాయ నాగుడి పేరు రాశాను. "ఇందులో ఎవరు లేరో చెప్పండి" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక రైతు పిల్ల లేచి, "దున్నేవాళ్లు లేరు సార్" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వెనక బెంచీ పిలగాడు లేచాడు. ఈసారి కూర్చోమనలేదు.